మేస్త్రి ముందు పిండి మిషను

మూడు వీధులు కలిసే చోట ఒక పిజ్జా కొట్టు ఉంది. అందులో ముప్పై ఒక్క ఏళ్లు పిండి కలిపిన మనిషిని చిన్నా పెద్దా అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. పొద్దున తొమ్మిదింటికల్లా కొట్టు వెనక గదిలోకి వెళ్లి, మోచేతుల దాకా కడుక్కుని, మైదా కుప్ప మధ్యలో గుంట చేసి నీళ్లు పోసేవాడు. మధ్యాహ్నానికి రెండు వందల ఉండలు తడిగుడ్డ కింద బారులు తీరి ఉండేవి. తూకం వేసే అలవాటు ఆయనకు లేదు. ఎవరైనా అనుమానపడి ఏ రెండు ఉండలు తీసి త్రాసులో చెరోవైపు పెట్టినా ముల్లు నిటారుగా నిలబడేది.

ఆయన భార్య అదే వీధిలో బట్టలు సరిచేసే కొట్టులో పని చేసేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చిరుగులు రఫూ చేయడం. పని చేస్తున్నంతసేపూ ఆమె పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు ఉండేవి కాబట్టి మాట తక్కువ. మేస్త్రి అసలే మితభాషి. "ఆ ఇంట్లో గోడలే మాట్లాడుకోవాలి" అని పక్కవాటా ఆవిడ నవ్వేది. నిజానికి వాళ్లిద్దరికీ మాటలతో పెద్దగా అవసరం పడలేదు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే చేతులు చాపేవాడు, ఆమె గోళ్ల సందుల్లో ఎండిన పిండిని సూదిమొనతో తీసేది. అప్పుడు ఆయన ఆరోజు విశేషం ఒక్క ముక్కలో చెప్పేవాడు. "ఇవాళ ఉక్క. తొందరగా పొంగింది." అంతే. ముప్పై మూడేళ్ల కాపురం అలాంటి ముక్కలతోనే గడిచిపోయింది.

జబ్బు ఉప్పుతో మొదలైంది. ఒకరోజు పిండిలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంకో వారం అసలు పడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం కొట్టు నుంచి ఇంటికి దారి తెలియక, రోజూ దాటే చౌరస్తాలోనే గంటసేపు నిలబడిపోయాడు. డాక్టరు తల ఫోటోలు తీయించి, వాటిని లైటు మీద పెట్టి, ఇది తగ్గే జబ్బు కాదనీ, మెల్లగా పెరుగుతుందనీ చెప్పాడు. ఎంత మెల్లగా అని ఆమె అడిగితే, "ఎవరికెంతో చెప్పలేమమ్మా" అన్నాడు.

కొట్టు యజమాని మంచివాడే. పనిలోంచి తీసేశాక కూడా మేస్త్రి పొద్దున్నే స్నానం చేసి, ఏప్రన్ మడిచి చంకలో పెట్టుకుని వెళ్తూంటే, మూడుసార్లు కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపాడు. నాలుగోసారి మేస్త్రి కొత్త పనివాడి మీద అరిచి, కలిపిన పిండి తొట్టి నేల మీద బోర్లించాడు. ఆ సాయంత్రం యజమాని తనే ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నా నోటితో ఈ మాట అనాల్సి వస్తుందనుకోలేదు. ఇక పంపించకు. చూడలేకపోతున్నాను."

"ఆపితే ఆగుతారా అన్నయ్యా? కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతారు. ఆ చేతులకి పని కావాలి."

ఆ మాట కూతురి చెవిన కూడా పడింది. కూతురు సిటీ బస్సు నడుపుతుంది. నాలుగు వీధుల అవతల కాపురం. ఆ ఆదివారం ఒక పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ వచ్చి వంటగది గట్టు మీద దింపింది. అందులో బ్రెడ్ మిషను. మూత మీద చిన్న అద్దం, లోపల ఊడదీసే గిన్నె, గిన్నె అడుగున వేలంత రెక్క.

"ముప్పై ఏళ్లు చేత్తో కలిపిన మనిషికి మిషనా? ఎగతాళి చేసినట్టుంటుందే" అంది తల్లి.

"బ్రెడ్డు కోసం కాదమ్మా. ఇందులో పిండి మాత్రమే కలిపి పొంగించే బటన్ ఉంది. గంటన్నర. నాన్న అన్నీ వరసగా పోస్తే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. ఉప్పు రెండుసార్లు పడ్డా పారేసేది ఒక్క గిన్నెడేగా, తొట్టెడు కాదుగా?"

కూతురు ఒక కాగితం మీద లావుపాటి అక్షరాలతో రాసి గోడకు అంటించింది. ముందు నీళ్లు. తర్వాత నూనె. తర్వాత ఉప్పు. ఆపైన మైదా. చిట్టచివర, మైదా మీద చిన్న గుంట చేసి అందులో ఈస్ట్. ఉప్పు, ఈస్ట్ ఒకదానికొకటి తగలకూడదు.

మేస్త్రి మిషను చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఇది పని ఎక్కడ నేర్చుకుంది?" అని అడిగాడు. కూతురు పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. భార్య కొలిచి చిన్న గిన్నెల్లో పెట్టినవన్నీ కాగితం చూస్తూ పోశాడు. బటన్ నొక్కగానే రెక్క తిరగడం మొదలైంది. ఆయన కుర్చీ లాక్కుని అద్దం ముందు కూర్చున్నాడు. ఐదు నిమిషాలకు లేచి మూత తీసి, రెండు వేళ్లతో పిండిని తట్టి, "పొడిగా ఉంది. ఒక చెంచా నీళ్లు" అన్నాడు. ఆమె పోసింది. చెదిరి ఉన్న పిండి క్షణంలో నున్నటి ముద్దయి, గోడలకు అంటకుండా గిరగిరా తిరిగింది.

"చెయ్యి లేదు, కన్ను లేదు. ఎప్పుడు ఆపాలో దానికెలా తెలుస్తుంది?"

"మీరున్నారుగా చెప్పడానికి" అందామె.

ఆ మాటకు ఆయన మొహం విప్పారింది. చాలా నెలలకు చూసిన మొహం అది.

మూడు వారాలు బాగానే గడిచాయి. రోజూ పది గంటలకు మిషను, పదకొండున్నరకు కూత, ఆపైన ఉండలు చేయడం, వేళ్లతో మధ్య నుంచి అంచులకు సాగదీయడం. అప్పడాల కర్ర ముట్టనిచ్చేవాడు కాదు, గాలి చచ్చిపోతుందని. ఆమె కొట్టుకు సెలవు పెట్టి, కుట్టుపని ఇంటికే తెచ్చుకుంది. రోజూ పిజ్జా తినలేక పక్కవాళ్లకు పంచింది. వారం తిరిగేసరికి పక్కవాటా ఆవిడ చేతులు జోడించింది. "వదినా, దండం పెడతాను, ఇవాళ్టికి వదిలెయ్. మీ పిండి కంటే మా ఆయన పొట్టే ఎక్కువ పొంగుతోంది." ఆమె మనసారా నవ్వింది. ఈ మాత్రం ఉంటే చాలు, ఇలాగే ఆగిపోతే చాలు అనుకుంది.

అలా ఆగలేదు. ఆయన కళ్లు కాగితం మీద ఉండేవి గానీ అక్షరాలు బుర్రకు ఎక్కేవి కావు. ఈస్ట్ మర్చిపోయేవాడు. ఆయన అటు తిరగగానే ఆమె గబుక్కున వేసేది. ఉప్పు గిన్నె దాచేసి, తనే ముందుగా నీళ్లలో కలిపి పెట్టేది. అబద్ధం ఆడని ఇంట్లో పొద్దున్నే ఒక దొంగతనం మొదలైంది. మెచ్చుకుంటే ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూడలేక ఆమె కుట్టుమిషను వైపు తిరిగేది.

ఒకరోజు ఆమె తలుపు దగ్గర గ్యాస్ అతనితో మాట్లాడి వచ్చేసరికి, మేస్త్రి నీళ్లు, నూనె, మైదా అన్నీ మిషనులో పోసేశాడు. గిన్నె పక్కన గట్టు మీదే ఉంది. వట్టి మిషను పొట్టలోకి, వేడెక్కే తీగ మీదకే పోశాడు. బటన్ కూడా నొక్కాడు. మాడువాసన, పొగ. ఆమె ప్లగ్ పీకేసి, మధ్యాహ్నమంతా కుట్టుమిషను తుడిచే బ్రష్షుతో, సూదితో, ఆ తీగ చుట్టూ గట్టిపడ్డ పిండిని గీకింది. ఆయన పక్కనే నిలబడి, "ఎవడు చేశాడీ పని? మనిషన్నవాడు చేసే పనేనా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎవరో తెలియని వెధవ చేశాడని చెప్పి ఊరుకుంది.

అప్పటికి ఆమెకు ఒళ్లు హూనమైపోయింది. ఆయన ఏ వేళకు లేస్తాడో, ఏ తలుపు తీస్తాడోనని నిద్ర లేదు. కుట్టాల్సిన బట్టలు కుప్ప పడ్డాయి. ఒక శనివారం కూతురు డ్యూటీ దిగి సాయంత్రం భోజనానికి వస్తానంది. మధ్యాహ్నం భోజనం చేసి మేస్త్రి కునుకు తీస్తున్నాడు. ఈ ఒక్కరోజు ఆ తతంగం లేకుండా పని కానిద్దామని ఆమె తనే గబగబా కొలిచి మిషనులో వేసింది. పిండి కలిసి, పొంగి, కూత పెట్టింది. ఓవెన్ కూడా ముట్టించింది. మేస్త్రి లేచి వంటగదిలోకి వచ్చాడు. మూత తీసి, పిండిని వేళ్లతో ముట్టుకున్నాడు.

"ఎవరు కలిపారిది?"

"నేనే."

"ఎన్నాళ్లయింది నువ్వు పనిలో చేరి?"

సరదాకి అడుగుతున్నాడనుకుంది. చాలా రోజులకు సరదా పుట్టిందనుకుంది. "ముప్పై మూడేళ్లు" అంది నవ్వుతూ.

"ముప్పై మూడేళ్లయినా నీళ్లు ఎక్కువే పోస్తున్నావా?"

ఆమె నవ్వు సగంలో ఆగింది. ఆయన కళ్లలో కోపం లేదు. పనివాళ్ల దగ్గర మేస్త్రిగా నిలబడినప్పటి నెమ్మది ఉంది.

"చూడమ్మా, నీ మీద నాకేం పగ లేదు. పని పట్టుబడలేదు, అంతే. రేపట్నుంచి రావద్దు."

"ఏమండీ, నేనండీ..."

"ఇంట్లోవాళ్లకి నేను చెప్పానని చెప్పు. నిన్నేం అనరు."

ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. చెయ్యి పట్టుకుని మర్యాదగా వీధి గుమ్మం దాకా నడిపించాడు. ఎదురు తిరిగితే బెంబేలెత్తి గిన్నెలు విసురుతాడని ఆమెకు అనుభవమే. గుమ్మం దాటి మళ్లీ లోపలికి వద్దామనుకుంది. ఆమె అడుగు బయట పడగానే తలుపు మూసి లోపలి నుంచి తాళం తిప్పేశాడు.

ఫోన్ లోపలే ఉంది. పక్కవాటాకు తాళం కప్ప వేలాడుతోంది. "తలుపు తీయండి, ఓవెన్ వెలుగుతోంది" అని ఆమె అరిచింది. "యజమానితో మాట్లాడుకోమ్మా" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. మెట్ల మీద కూర్చుని, తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి మాడువాసన వస్తుందేమోనని చూస్తూ గంటకు పైగా గడిపింది. ముప్పై మూడేళ్లలో తాను ఎవరి మనిషో ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు. ఆ మెట్ల మీద వచ్చింది.

కూతురు యూనిఫాంలోనే వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. ఇద్దరూ ఒక్క ఉరుకున వంటగదిలోకి వెళ్లారు. ఏమీ కాలేదు. గట్టు శుభ్రంగా తుడిచి ఉంది. పిండి గిన్నెలోంచి తీసి, చాలినంత మైదా అద్ది, నాలుగు ఉండలు చేసి, తడిగుడ్డ కప్పి వరసగా పెట్టాడు. నాలుగూ అచ్చు గుద్దినట్టున్నాయి. మేస్త్రి చేతులు కడుక్కుంటూ కూతురి వైపు తిరిగి, "కొట్టు ఇంకా తెరవలేదమ్మా. ఏడింటికి రా" అన్నాడు.

కూతురు ఏడింటి దాకా గదిలో కూర్చుంది. తర్వాత తనే పిజ్జాలు కాల్చింది. అంచులు బుడగలు పొంగి, కరకరలాడుతూ, లోపల దూదిలా ఉన్నాయి. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. తల్లి ఒక్క ముక్క తిని పళ్లెం పక్కన పెట్టింది. ఆ వేళ్లకు పిండి గుర్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ వేళ్ల సందుల్లో పిండి తీసిన మనిషి గుర్తు లేదు.

"అమ్మా, ఇక నీ వల్ల కాదు. నాన్నని ఎక్కడైనా చూసుకునే చోట..."

"ఇప్పుడొద్దు."

"నిన్ను బయటికి గెంటాడమ్మా!"

"గెంటలేదే. చెప్పులు కూడా తెచ్చిచ్చారు" అంది తల్లి. ఆ మాట అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఆ చేతులు కూడా ఎన్నాళ్లో నిలవలేదు. చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం మిషను కూత పెట్టింది. ఆమె మూత తీసి, ఎప్పటిలాగే ఆయన చేతిని పట్టుకుని పిండి మీద పెట్టింది. ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేళ్లకు అంటిన జిగురును అసహ్యంగా చూసి, చొక్కాకు తుడుచుకుని, "ఏంటిది? తియ్యి, తియ్యి" అన్నాడు. ఆమె మళ్లీ పెట్టబోయింది. ఆయన ఏడుపు మొహం పెట్టాడు. ఆమె ఆయన చెయ్యి వదిలేసి, తడిగుడ్డతో ఆ వేళ్లు తుడిచింది. ఆయనలో తనకు తెలిసిన మనిషి ఆఖరుగా మిగిలిన చోటు అదే. అదీ ఖాళీ అయింది.

మిషను తీసుకెళ్లిపోనా అని కూతురు అడిగింది. ఆమె వద్దంది. మధ్యాహ్నమయ్యేసరికి మేస్త్రికి ఒకటే అలజడి, ఏ మందుకూ లొంగదు. మిషను తిరిగే చప్పుడుకు మాత్రం కాస్త సద్దుమణుగుతాడు. ఆ చప్పుడు పిండిదని ఆయనకు తెలియదు. ఎందుకు నచ్చుతుందో ఆమెకూ తెలియదు. అందుకని రోజూ మైదా, నీళ్లు పోసి బటన్ నొక్కుతుంది. ఈస్ట్ వేయడం మానేసింది. పొంగి ఎవరిని ఉద్ధరించాలి? కూత పెట్టాక ఆ ముద్దను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తుంది. మేస్త్రి కదలకుండా కూర్చునే ఆ గంటన్నరా ఆమె గోడకు చేరగిలబడి నిద్రపోతుంది.