డానియెల్ అడిగిన గది

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి నేను రోజూ ఉద్యోగానికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లే యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థుల సంఘానికి ఒక చిన్న గది ఉంది. ఈ సెమిస్టర్‌తో దాన్ని తీసేస్తున్నారు. తీసేయొద్దని అడగడానికి సంఘం ప్రెసిడెంట్ డానియెల్ ఈ రోజు మధ్యాహ్నం మా డీన్ దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, సంతకాల కాగితాలు ఫైల్‌లో పెట్టుకుని వచ్చింది. నేను పక్కన కూర్చుని మీటింగ్ మినిట్స్ రాసుకుంటున్నాను.

"ఫస్ట్ ఇయర్‌లో చదువు మానేసి ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. ఆ గదిలో వాళ్లే నన్ను ఆపారు" అని చెప్పింది. డీన్ చాలా మర్యాదగా తల ఊపాడు. "తప్పకుండా ఆలోచిస్తాం" అన్నాడు.

బయటికొచ్చాక ఎలివేటర్ దగ్గర నన్ను ఆపింది.

"మిస్ లత, నిజం చెప్పండి. ఏమైనా ఛాన్స్ ఉందా?"

ఆ గది తలుపుకి 'స్టోరేజ్' అని కొత్త బోర్డు పోయిన వారం ఆర్డర్ చేసింది నేనే.

"లేదు డానియెల్. బోర్డు కూడా వచ్చేసింది" అన్నాను.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "మరి లోపల ఎందుకు చెప్పలేదు?" అని నెమ్మదిగా అడిగి, గది ఖాళీ చేయడానికి కిందికి వెళ్లిపోయింది.

నిజం చెప్పానని ఎవరూ మెచ్చుకోకండి. డీన్ తలుపు మూసుకున్నాకే నాకు నోరు వచ్చింది. మీ ఆఫీసుల్లో మీకెప్పుడు వస్తుంది?