పసుపు పూసిన ఇనప్పెట్టె

మా అమ్మ నాకిచ్చిన చంద్రహారం ఇరవై ఏళ్లుగా అత్తగారి చెక్కపెట్టెలో, పాత చీరల మడతల్లో ఉండేది. నిరుడు మా ఆయన జగదల్‌పూర్ నుంచి అంకెల మీటలున్న ఇనప్పెట్టె కొనుక్కొచ్చి, ఇక హారం ఇందులోనే ఉండాలన్నారు. మా సరిహద్దు ఊరు కోంటాలో చింతపండు, ఇప్పపువ్వు కొని అమ్మే మనిషి. దేని భద్రత గురించైనా షాపువాడు చెప్పిందే వేదం.

"చెక్కపెట్టెకు ఏమున్నది? గొళ్లెం మీద ఒక్క దెబ్బ," అన్నారు.

నిజమే. బీరువా తాళం కూడా స్క్రూడ్రైవర్‌తో వచ్చేస్తుంది. ఒప్పుకున్నాను.

"మరి దీని బరువెంత?"

"పద్దెనిమిది కిలోలు. ఉక్కు."

"మన హమాలీలు నెత్తిన పెట్టుకునే బస్తా దీనికి మూడింతలు. దొంగకు నంబరెందుకు? చంకన పెట్టుకొని పోతడు."

"గోడకు బోల్టులేస్తరు."

మాది మట్టిగోడ, పైన సిమెంటు పూత. మేస్త్రీ రంధ్రాలు చేస్తుంటే గోడ పిండిలా రాలింది. బిగించిన బోల్టును నేను రెండు వేళ్లతో ఆడించి చూపించాను.

"కదిలితే ఏంది, లోపలున్నది కనపడదు గదా," అన్నారు.

దీపావళికి రెండు రోజుల ముందు, ధన్‌తేరస్ నాడు పూజ. మా దుకాణదారుల ఇళ్లలో కొత్త ఇనుము ఏదొచ్చినా, తూకం కాటాకైనా లారీకైనా, పసుపు పూయకుండా వాడరు. మా ఆయన పక్క దుకాణాల వాళ్లందరినీ పిలిచారు. తడి పసుపు తలుపంతా, మీటలతో సహా, దట్టంగా పూశారు. ముహూర్తం దాటకూడదని అందరి ముందే నంబరు నొక్కి, హారం లోపల పెట్టి మూశారు.

ఎదురు కొట్టు పిన్నిగారు ముందుకు వంగారు.

"అగో, నాలుగు మీటల మీదనే పసుపు పోయింది. గవేనా నంబర్?"

నంబరు మార్చుకోవచ్చు అన్నారు మా ఆయన. మార్చండి అన్నాను. ఎలాగో ఆయనకు తెలియదు. అది షాపువాడు పెట్టిచ్చిన నంబరేనని అప్పుడు బయటపడింది.

మా అత్తగారు కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. "నా పెట్టె తాళంచెవి ఎక్కడుంటదో నలభై ఏండ్లకెల్లి ఇంట్ల ఎవ్వరికి తెల్వదు, కొడకా. నీ తాళం బజారంత చదివింది."

ఆయన చేతే పెట్టె తెరిపించి, హారం తీసుకున్నాను. "ఇంతమంది ముందల పరువు తీస్తవా?" అన్నారు, పళ్ల మధ్య నుంచి. హారం పోవడం కంటే పరువు పోవడం చవకే అన్నాను.

తర్వాతి సోమవారం అత్తగారితో కలిసి ముగ్గురం బస్సెక్కి భద్రాచలం వెళ్లాం, బ్యాంకు లాకర్ కోసం. దారంతా ఆయన లాకర్ ఇనుము మందం గురించి చెబుతూనే ఉన్నారు. అక్కడి ఆఫీసరు నా పేరు రాసుకుని, రెండో పేరు ఎవరిదమ్మా అని అడిగాడు. మా ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీశారు.

నేను అత్తగారి వైపు చూశాను. ఆమె అప్పటికే కొంగుముడి విప్పి, ఆధార్ కార్డు బల్ల మీద పెట్టేశారు.