పటమటలో కట్టించిన ఫ్లెక్సీ

కాలేజీ హాస్టల్లో నాకూ ప్రసాదుకూ ఒకే గది. ఆ స్నేహం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అయితే మా అమ్మాయి నిశ్చితార్థంలో వాడొక పని చేశాడు. హాస్టల్ పంపు దగ్గర నేను తువ్వాలు కట్టుకుని బట్టలుతుకుతున్న ఫోటోను పెద్ద తెర మీద వేయించాడు. వియ్యాలవారు పడీపడీ నవ్వారు. పగ తీర్చుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

వాడి యాభయ్యో పుట్టినరోజున, తెల్లవారకముందే పటమటలో వాళ్ళ వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాను. హాల్ టికెట్ కోసం బుగ్గలు పీక్కుపోయిన మొహంతో వాడు దిగిన నలుపు తెలుపు ఫోటో, కింద "నిన్ను మరువలేం మిత్రమా" అన్న మాట. తమాషా చూద్దామని పక్కనే నిలబడ్డాను.

కంకిపాడు నుంచి పులిహోర డబ్బాతో వచ్చిన వాళ్ళక్క ఆటో దిగి, ఫ్లెక్సీ చూసి, "తమ్ముడూ" అంటూ రోడ్డు మీదే కూలబడింది. ఆ ఫోటో, ఆ మాట కలిస్తే ఏమవుతుందో నాకప్పుడు అర్థమైంది. "అక్కా, వాడు బతికే ఉన్నాడు" అంటున్నా ఆమెకు వినబడలేదు. ఏడుపు విని ప్రసాదే నోట్లో బ్రష్‌తో పరుగెత్తుకొచ్చాడు.

వాడి మొహం తడిమి చూసుకుని, "ఏ వెధవ చేశాడ్రా ఈ పని?" అందామె.

"షాపువాళ్ళ పొరపాటక్కా" అన్నాను.

ప్రసాదు నావైపు చూసి, ఫ్లెక్సీ విప్పించి మడతపెట్టుకున్నాడు. "డిజైన్ బాగుందిరా. ఫోటో మారిస్తే చాలు" అన్నాడు.

అక్కా, ఈ పేజీ మీరు చదువుతారని తెలుసు. ఆ వెధవను నేనే. క్షమించండి. వచ్చే నెల నా పుట్టినరోజు. మా వీధిలో ఏం కనబడినా నమ్మకండి.