మరువం వాసనలో డిటెక్టివ్

తడిపిన గోనెపట్ట మీద పోసిన మరువం వాసన తగిలితే నాకిప్పటికీ ఎవరో హత్యకు గురి కాబోతున్నారనే అనిపిస్తుంది. తిరుచానూరు పూలంగళ్ల ముందు భక్తులంతా అమ్మవారిని తలచుకుని చెంపలేసుకుంటుంటే, నేను మాత్రం హంతకుడెవరా అని ఆలోచిస్తూ నడుస్తాను. తప్పు నాది కాదు, మా ఇంటిది.

మాది ఆ ఊళ్లో పూలు కట్టే ఇల్లు. ఎండాకాలం మల్లెలు, చలి మొదలైతే చామంతులు, ఏడాది పొడుగునా కనకాంబరాలు, మరువం, మధ్యాహ్నం అన్నాలు కాగానే గంపలకొద్దీ మా వసారాలోకి దిగేవి; నాయనను కన్న మా అవ్వ, పెద్దనాయన భార్య అయిన పెద్దమ్మ, మా అమ్మ, నానబెట్టిన అరటినార ఒళ్లో వేసుకుని గంప చుట్టూ కూర్చునేవాళ్లు. ముగ్గురికీ చదువు రాదు. నాకేమో వేళ్లు తిరగవు. నేను కట్టిన మాల అంగడి చేరకముందే ఊడిపోయేది. అందుకని నాకు అప్పజెప్పిన పని, అద్దె పుస్తకాల అంగడి నుంచి డిటెక్టివ్ పురంధర్ నవల తెచ్చి అందరికీ వినబడేటట్టు చదవడం.

పురంధర్ సిగరెట్టు ముట్టడు, ఆలోచన వచ్చినప్పుడు లవంగం బుగ్గన పెట్టుకుంటాడు. ఆ ఒక్క లవంగంతో అవ్వ అతన్ని ఇంటి మనిషిని చేసేసుకుంది. కథలో కత్తి బయటికి వచ్చేసరికి వీళ్ల చేతుల్లో నార బిగిసి పూలు నలిగిపోయేవి. సాయంత్రం పూలంగడామె మాలను వేళ్లతో తడిమి, “ఈ మూర కట్టేటప్పుడు ఎవుర్ని సంపినారే?” అని అడిగేది.

మా వసారాలో అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటుండేది: అమ్మవారికి పోయే పూలు చేతిలో ఉండగా అబద్ధం ఆడకూడదు. పక్కింటివాళ్లు చక్కెర అప్పు అడగడానికి వస్తే మా అమ్మ చేతిలోని మాలను మెల్లిగా పట్ట మీద పెట్టి, అప్పుడు లేదని చెప్పేది. కనుక హంతకుడి మీద మా ఇంట్లో జరిగిన వాదనలన్నీ నిజంగా మనసులో ఉన్న మాటలే.

అట్లాంటి ఇంటికి ఒకసారి ఆఖరి పేజీలు లేని నవల వచ్చింది. జమీందారు విషం కలిపిన పాలు తాగి చచ్చిపోతాడు, పురంధర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి లవంగం నోట్లో వేసుకుంటాడు, అంతే, ఆ తర్వాత అట్ట. పుస్తకాల అంగడాయన దగ్గర ఇంకో ప్రతి లేదు.

“పాలు కాసింది వంటామె, తెచ్చి ఇచ్చింది వంటామె. ఇంకెవురే?” అంది పెద్దమ్మ.

“పాలు కాసిన పాపానికి ఆయమ్మేనా? ఆ మేడలో ఇంకెవురికీ చేతుల్లేవా?” అంది అవ్వ.

అది నవల గురించి మాత్రమే అన్న మాట కాదని ఇంట్లో అందరికీ తెలుసు. తాత పోయిన కొత్తలో అవ్వ ఒకరింట్లో వంట చేసేది. ఆ ఇంట్లో వెండి గ్లాసు కనబడకపోతే అందరి చూపులూ మొదట ఆమె కొంగు మీదికే పోయాయట. గ్లాసు తర్వాత దొరికిందో లేదో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కథలోని వంటామె నిర్దోషిగా బయటపడితే తప్ప అవ్వకు ఊపిరాడేటట్టు లేదు. పెద్దమ్మ కూడా తగ్గే మనిషి కాదు. ఏండ్లు గడిచినా, కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడల్లా ఆ కేసు మళ్లీ తెరుచుకునేది.

అప్పుడు పురంధర్ టీవీలోకి వచ్చాడు. మా వీధి చివరి లాడ్జీ హాల్లో టీవీ పెట్టారు. గంపలతో సహా అక్కడికే చేరేవాళ్లం. టీవీ పురంధర్ నోట్లో లవంగానికి బదులు సిగార్ చూసి అవ్వ, “ఎవుడు వీడు? మనోడు యాడికి పోయినాడు?” అని గట్టిగా అడిగితే హాలంతా నవ్వింది. అయినా మానలేదు, పాలగ్లాసు కథ కోసం కాచుకుంది. అది రానే వచ్చింది. ఆఖర్న పోలీసులు బేడీలు వేసింది వంటామెకే.

అవ్వ గంప ఎత్తుకుని అందరికంటే ముందే ఇంటికి నడిచింది. మర్నాడు మధ్యాహ్నం తలెత్తకుండా కనకాంబరాలు కడుతోంది. గెలిచిన పెద్దమ్మ దెప్పుతుందేమోనని నేను భయపడుతున్నాను. పెద్దమ్మ చేతిలోని మాలను పట్ట మీద పెట్టింది.

“టీవీవోళ్లు మార్చేసినారత్తా. పుస్తకంలో ఆయమ్మ సంపలేదంట. అంగడాయప్ప చెప్పినాడు.”

అంగడాయన ఏమీ చెప్పలేదని నాకు తెలుసు. అంతవరకూ పెద్దమ్మంటే భయమే గానీ, ప్రేమ ఆ పూటే పుట్టింది. కింద పెట్టిన మాలను అవ్వ చూసే ఉంటుంది, ఆమె కంటబడనిది ఏముంది? అయినా నాతో, “కొత్త పుస్తకం తెస్తావా?” అంది.

అవ్వ పోయి చాలా కాలమైంది. మా వసారా ఉన్న చోట ఇంకో లాడ్జీ లేచింది, అద్దె పుస్తకాల అంగడిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, పూలు ఎక్కడో దారంతో కట్టి మూటల్లో వస్తున్నాయి. ఒకరు చదువుతుంటే పదిమంది వినే మధ్యాహ్నాలు ఎటుపోయాయో తెలియదు. మొన్న తిరుపతిలో ఒక పాత పుస్తకాల బండి మీద ఆ నవల దొరికింది, ఆఖరి పేజీలతో సహా. అక్కడే నిలబడి చదివి, నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ముసలితనంలోనూ ఇంట్లో అమ్మవారి పటానికి మల్లెలు కట్టుకుంటూ కూర్చుంది.

“పెద్దమ్మా, జమీందారు తమ్ముడంట. వంటామె కాదు.”

“అచ్చులో ఉండాదా?”

“ఉండాది.”

ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. గోడ వైపు, ఎవరూ లేని చోటికి తిరిగి, “అత్తా, ఆయమ్మ సంపలేదంట” అంది.

ఈసారి చేతిలోని మల్లెలు కింద పెట్టలేదు.