నాన్న ఎక్కించిన గాజుపోగు

మాది విజయనగరంలో మ్యాచింగ్ సెంటరు. జాకెట్టు ముక్కలు, లంగా గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు, మూలన ఒక పీకో మిషను. చీర తెచ్చి కౌంటరు మీద పరిచి, "దీనికి సరిగ్గా ఈ రంగే కావాల" అనే ఆడవాళ్ల మధ్య పెరిగాను. వాళ్లకు కావలసిన రంగు మా కొట్లో లేదని నాన్న ఎన్నడూ ఒప్పుకోలేదు. ఉన్న గుడ్డనే వీధిలోకి తీసుకెళ్లి ఎండలో చూపించేవాడు. ఎండలో కుదరకపోతే లోపలికి తెచ్చి ట్యూబులైటు కింద చూపించేవాడు. అక్కడా కుదరకపోతే, "ఒక ఉతుకు పడితే కలిసిపోతాది పిన్నీ" అనేవాడు. అంతటి విద్యాలయంలో చదువుకున్న పిల్ల ఫిజిక్సులో పరిశోధనకు ఎందుకు వెళ్లిందో మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ అంతంతమాత్రమే.

నా పనేమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. వెంట్రుకంత సన్నటి గాజుపోగు ఉంటుంది. దాని పొడవునా లోపల కంటికి ఆనని బెజ్జాలు, తేనెపట్టు గదుల్లా వరసగా. ఫోటానిక్ క్రిస్టల్ ఫైబరు అంటారు. ఆ బెజ్జాల నడుమ ఒక గట్టి గాజు చుక్క. దానిలోకి లేజరు వెలుగును దూర్చాలి. ఆ లేజరు ఎడతెగకుండా వెలిగేది కాదు. తునకలు తునకలుగా వస్తుంది, ఒక్కో తునక సెకనులో లక్ష కోట్లవ వంతుకన్నా చిన్నది. అంత ఇరుకులో అంత వెలుగును ఒక్కసారిగా కుక్కితే గాజు తన గుణం మార్చుకుంటుంది. లోపలికి వెళ్లిన ముదురు ఎరుపు అవతలి కొసన అన్ని రంగులూ కలిసిన తెల్ల వెలుగై బయటికొస్తుంది. పట్టకం పెట్టి చూస్తే ఊదా నుంచి ఎరుపు దాకా ఎక్కడా అతుకు లేని ఒక్కటే తాను. వ్యాసాల్లో ఫొటోలు చూశాను. మ్యాచింగ్ సెంటరు పిల్లకి మతిపోవడానికి అది చాలు.

ఆ తెల్ల వెలుగు మా టేబులు మీద ఒక్కసారి రావాలి, దాని గ్రాఫు ఒక్కటి తీయాలి. అది ఉంటే నాకు డాక్టరేటు, లేకపోతే లేదు. థీసిస్‌లో మిగతా అధ్యాయాలన్నీ దానికోసం వేసిన లైనింగే.

మా సారు శ్రీకాకుళం వైపు బాప్టిస్టు మిషను కుటుంబం నుంచి వచ్చినవారు. గరివిడి దాటాక పొలాల మధ్యనున్న మా కాలేజీకి లేజరు తెప్పించింది ఆయనే. ఎక్కడో పెద్ద ల్యాబులో వాడి పక్కన పెట్టేసిన పాతది, తాను రిటైరయ్యేదాకా ఉంచుకుంటానని బతిమాలి తెచ్చుకున్నారు. ఆయన రిటైరవగానే అది పెట్టె ఎక్కి వెనక్కి వెళ్లిపోవాలి, అదీ షరతు. దాని బలం ఏటికేడు తగ్గుతోంది. బలం తక్కువైతే ఫైబరు పొడవు ఎక్కువ కావాలి. వెలుగు ఎంత దూరం నడిస్తే అంతగా విచ్చుకుంటుంది. స్విచ్చి వేసే ముందు ఆయన కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవారు. దేవుణ్ణి తలుచుకుంటున్నారని అనుకునేదాన్ని. ఒకరోజు అడిగేశాను.

"స్టెబిలైజరు సౌండు వింతన్నానమ్మా," అన్నారు. "ప్రార్థన ఇంటికాడే సేసుకునొస్తాను."

ఫైబరు కొనే స్తోమత మాకు లేదు. విశాఖపట్నంలో ఒక సదస్సుకు వెళ్లినప్పుడు, దాన్ని తయారుచేసే ల్యాబు సైంటిస్టు కనిపించాడు. పది మీటర్లు అడిగాను. పది అడిగితే రెండైనా రాలతాయని నా లెక్క. రీలు అయిపోవచ్చింది, ఇవ్వలేనన్నాడు. బేరం కుదరక కొట్టు మెట్లు దిగి నడక నెమ్మదించే ఆడమనిషి తప్పకుండా వెనక్కొచ్చి కొంటుందని, ఆమెను పిలవాల్సింది అప్పుడేనని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. "సరేలెండి, ఇంకోచోట చూసుకుంటాను," అని తిరిగి నడక నెమ్మదించాను. ఆయన పిలవలేదు. టీకి వెళ్లిపోయాడు. చివరికి నేనే వెనకాల వెళ్లి, సమోసా తింటున్న మనిషి ముందు నిలబడి, రీలు చివర మిగిలిన ముక్కయినా చాలన్నాను. జాలిపడి పంపించాడు. మూడు మూరల కట్ పీసు.

ఆ ముక్కతోనే నా బతుకంతా. కొస అద్దంలా నున్నగా తెగితేనే వెలుగు లోపలికి పోతుంది. సరిగ్గా తెగినా, లేజరు చుక్క రవ్వంత పక్కకి జరిగితే కొస కాలిపోతుంది. కాలినప్పుడల్లా వేలెడు కోసి మళ్లీ మొదలు. కరెంటు పోయి వస్తే లేజరు దారి తప్పుతుంది, దారి తప్పితే కొస కాలుతుంది, కాలితే కోత. కోసిన ముక్కలు డబ్బాలో దాచేదాన్ని, ఎవరైనా కొంటారేమోనన్నట్టు. మూడు మూరలు రెండైంది, రెండు ఒకటైంది.

"మూరకి తగ్గితే ఇంక రాదమ్మా," అన్నారు సారు. అప్పటికి మా చేతిలో ఉన్నది మూరే. ఆ నెలాఖరుకే ఆయన రిటైర్మెంటు.

పెద్ద నోట్లు రద్దయిన చలికాలం అది. మా కొట్లో బేరాల్లేవు. ఈగలు కూడా పక్కనున్న మిఠాయి కొట్టుకే పోతున్నాయని నాన్న ఏడ్చేవాడు. ఒక ఉదయం నేను స్టేషనుకు బయల్దేరుతుంటే షట్టరు సగానికి దించేశాడు.

"ఉండవే, నానూ వస్తాను. నీ లైటేటో సూస్తాను. ఇక్కడ కూకుని ఏటి సెయ్యాల?"

పాసింజరు ఎక్కాం. నెల్లిమర్లలో జూట్ మిల్లు షిఫ్టు దిగినవాళ్లు ఎక్కారు, ఒంటినిండా పీచుతో. ఎదుట కూర్చున్నాయనకి నాన్న నన్ను చూపించాడు.

"మా పాప లైటు సేస్తన్నాదండి."

"బల్బులేటి?"

"బల్బులు కాదండి. ఎర్ర లైటు లోనికెట్టి తెల్ల లైటు తీస్తాది."

"తీసినాదా మరి?"

"తీస్తాది."

"ఎన్నేళ్లబట్టి సేస్తన్నాదేటి?"

నాన్న కిటికీలోంచి సరుగుడు తోటలు చూడటం మొదలుపెట్టాడు.

ల్యాబులో సారు నాన్నకి కుర్చీ వేశారు, కళ్లకు రంగు అద్దాలు ఇచ్చారు. పెళ్లిచూపులకు వచ్చిన వియ్యంకుడిలా బిగుసుకుని కూర్చున్నాడు. నేను ఫైబరు కొస కోశాను. మైక్రోస్కోపు కింద పెడితే, అన్నాళ్లలో ఎన్నడూ రానంత చక్కటి కోత. తేనెపట్టు గదులన్నీ తీర్చినట్టున్నాయి. ఇక ఆ కొసను స్టాండులో ఉన్న సన్నటి రంధ్రంలోకి ఎక్కించాలి. అంచు తగిలితే కొస పోయినట్టే. దగ్గరికి తీసుకెళ్లడం, ఊపిరి బిగబట్టడం, వెనక్కి తీయడం. సారు అటు తిరిగి లేజరు పెట్టె దగ్గర ఏదో సరిచేస్తున్నారు.

"ఇటివ్వవే," అన్నాడు నాన్న. ఎప్పుడు లేచి వచ్చాడో నేను చూడలేదు. "రోజుకి ఎన్నిసార్లు ఎక్కిస్తాన్నేను పీకో సూదిలో."

నేను నోరు తెరిచేలోపే నా వేళ్ల మధ్య నుంచి పోగు అందుకున్నాడు. ఒక కన్ను మూశాడు. కొసను నాలుక చివర అద్దుకున్నాడు. వేళ్లతో ఒకసారి నిమిరి, రంధ్రంలోకి ఎక్కించేశాడు. అంచు తగల్లేదు.

"సూసినావా? ఒక్క దెబ్బ."

నాన్న నాలుకలో గాజు గుచ్చుకుందేమోనన్న భయం నాకు రెండోది. మొదటిది ఆ తడి.

ఆ బెజ్జాలు అంత సన్నవి కాబట్టే, తడి తగిలితే చాలు, వత్తి నూనె పీల్చినట్టు లోపలికి పీల్చేస్తాయి. తడి చేరినంత మేరా ఆ పోగు ఇక మామూలు గాజు కన్నా హీనం. అందుకే మేం ఆ కొసను ఏ ద్రవంతోనూ తుడిచేవాళ్లం కాదు. ఈ సంగతి నాన్నకు చెప్పాలని నాకెందుకు తోస్తుంది? లేజరు ల్యాబులో ఎవరైనా ఫైబరు నోట్లో పెట్టుకుంటారా?

సారు ఇటు తిరిగారు. "ఎక్కిందా?"

"నాన్న ఎక్కించారు సార్," అన్నాను. తర్వాత గొంతు తగ్గించి, "తడి చేసి," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తర్వాత నాన్న భుజం మీద చెయ్యి వేశారు. "బాగా ఎక్కించినారండి. పదండి, కేంటీన్లో టీ బాగుంటాది. ఈలోగా పాప సర్దుకుంటాది."

నాన్న వెళ్లాడు, పిల్లకి పని చేసిపెట్టిన తండ్రి నడకతో. నేను పోగు బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. గదులు మసకబారి ఉన్నాయి. బెత్తెడు కోశాను. ఇంకా తడే. కాసేపు కత్తి పట్టుకుని నిలబడ్డాను, నేను చూస్తూ నిలబడితే తడి సిగ్గుపడి వెనక్కి పోతుందేమోనన్నట్టు. మరో బెత్తెడు కోశాను. పొడి గదులు కనపడేసరికి జానెడు మీద నాలుగు వేళ్లు మిగిలింది.

సారు, నాన్న తిరిగొచ్చారు. నాన్న నాకు కూడా గ్లాసులో టీ తెచ్చాడు. ఉన్న ముక్కనే స్టాండుల మధ్య బిగించి లేజరు వదిలాం. సారు బలం కొద్దికొద్దిగా పెంచారు. అవతల తెల్ల కాగితం మీద ఎర్రటి మరక పడింది. ఇంకా పెంచారు. మరక అంచున రంగు కాస్త తేలింది. ఇక పెంచితే కొస కాలిపోతుంది. అక్కడ ఆగాం. పసుపు రాలేదు. ఆకుపచ్చ, నీలం గురించి అడగక్కర్లేదు.

నాన్న అద్దాలు పైకెత్తబోతే సారు ఆపారు. వాటిలోంచే వంగి చూశాడు.

"కనకాంబరం," అన్నాడు. "ఈ రంగు మన కొట్లో ఉన్నాది."

సారు అటు తిరిగి లేజరు బలం తగ్గించారు.

"ఇంకా వేడెక్కాలి నాన్నా," అన్నాను. "సాయంత్రానికి తెల్లగా వస్తుంది."

మధ్యాహ్నం బండికి నాన్న వెళ్లిపోయాడు. సాయంత్రం నేను కొట్టు మెట్లెక్కేసరికి గల్లాపెట్టె దగ్గరి నుంచే అరిచాడు, "వచ్చినాదేటే?" లోపల ఇద్దరు ఆడవాళ్లు లంగా గుడ్డ చూస్తున్నారు. నాన్న వాళ్లకి మొత్తం కథ అప్పటికే చెప్పేశాడు, సూదిలో ఎక్కించినట్టు ఎలా ఎక్కించాడో సహా. వాళ్లూ నావైపు చూశారు.

"వచ్చింది," అన్నాను.

"అన్ని రంగులూ?"

"అన్నీ."

మా కొట్లో దొరికే అబద్ధాల్లో అది చాలా చిన్న ముక్క అనుకున్నాను.

ఫైబరు ఇచ్చిన సైంటిస్టుకి మెయిలు మీద మెయిలు పెట్టాను. ఆ రకం రీలు అయిపోయింది, మళ్లీ తీసే ఆలోచన లేదన్నాడు. నెలాఖరుకి లేజరు పెట్టె ఎక్కింది. సారు, నేను, ఇద్దరు కూలీలు కలిసి లారీలో పెట్టాం. "వచ్చినంతా రాయమ్మా," అన్నారు సారు. "కనకాంబరం దాకా వచ్చినాదని రాయి." రాశాను. ఇది చాలదన్నారు థీసిస్ కమిటీవాళ్లు. బేరమాడాను. గడువు పొడిగించారు, లేజరు లేని గడువు. అదీ అయిపోయాక కౌంటరు వెనక్కి వచ్చి కత్తెర పట్టుకున్నాను.

నాన్నకి మాత్రం లెక్క తేలలేదు. "లైటు వచ్చినాది కదే. మరి కాయితం ఎందుకివ్వరు?" రోజులు గడిచేకొద్దీ తనే ఒక జవాబు తయారుచేసుకున్నాడు. రిటైరైపోయే మనిషి, ఆడపిల్ల పనికి సంతకం పెట్టకుండా ఎల్లిపోనాడు. కులమో, మతమో, ఏటో. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పేవాడు. కాదు నాన్నా అని రెండుసార్లు మొదలుపెట్టాను. "నువ్వు ఆయన్ని ఎనకేసుకు రాకు," అనేవాడు. అసలు సంగతి చెప్పాలంటే నాన్న నాలుక తడి దగ్గరికి రావాలి. అక్కడ ఆగిపోయేదాన్ని.

తర్వాత వేసవిలో సారు, ఆయన భార్య మా కొట్టుకి వచ్చారు. చర్చిలో చుట్టాల పెళ్లికి చీర కొన్నారు, జాకెట్టు ముక్క కావాలి. నాన్న వాళ్లను కూర్చోమనలేదు. ఆమె చీర పరిచింది, నేను తానులు దించాను. నాన్న ఎక్కువ ధర చెప్పాడు, నాకే నోరు ఎండిపోయేంత. సారు తల ఊపారు.

"బేరం సెయ్యరేటండి?" అన్నాడు నాన్న. ఆ మాట మర్యాదకు అన్నది కాదు.

"మీరు సెప్పినంతే."

నాన్న ఉండబట్టలేకపోయాడు. "మా పాప తెల్ల లైటు తీసినాదండి. అన్ని రంగులూ వచ్చినాయి. ఆ రోజు నేనూ ఉన్నాను, నా సేత్తో ఎక్కించినాను. మీరు కాయితం ఇప్పించలేకపోనారు."

నా కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. సారు నావైపు చూశారు. నేను ఇంట్లో ఏం చెప్పానో ఆయనకి అప్పుడే తెలిసింది.

"నిజమేనండి," అన్నారు. "నాదే తప్పు. నేను సూసుకోవలసింది."

ఆమె ఆశ్చర్యంగా భర్త వైపు తిరిగింది. ఆయన డబ్బు కౌంటరు మీద పెట్టి, పొట్లం తీసుకుని, నాకు తల ఊపి మెట్లు దిగారు. నాన్న వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఒప్పీసుకున్నాడు, సూసినావా?" అన్నాడు. "నేనెప్పుడో సెప్పినాను."

"అవును నాన్నా," అన్నాను. కౌంటరు మీద పరిచిన తానులు ఒక్కొక్కటే చుట్టడం మొదలుపెట్టాను.