అమ్మమ్మ పటం మీద రాయని ముక్క

మా అమ్మమ్మ భూములు కొలిచే సర్వేయరు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని, పంచదార డబ్బా మీద ‘పంచదార, ఉప్పు కాదు’ అని రాసి అంటించేది. పేరు రాయని వస్తువును నమ్మకూడదని ఆవిడ సిద్ధాంతం.

అది ఉద్యోగం అంటించిన జబ్బు. భూమి గుండ్రం, కాగితం బల్లపరుపు. గుండ్రటిదాన్ని కాగితం మీద పరవడానికి చట్టం ఒక లెక్క పెట్టింది. దాని ప్రకారం ప్రతి హద్దుకూ రెండేసి అంకెలుంటాయి. మధ్యలో చట్టం ఆ లెక్కను సవరించింది. అవే అంకెలు పాత లెక్కలో ఒకచోటు, కొత్త లెక్కలో మూరెడు అవతల. కాబట్టి ఏ సంవత్సరపు లెక్కో పటం మీద రాసి తీరాలి. పదో తరగతి రెండుసార్లు రాసిన నా బుర్రకు ఎక్కింది ఇంతే.

ఆ ముక్క రాయని కుర్ర సర్వేయర్లను అమ్మమ్మ ఉతికి ఆరేసేది. అలాంటి మనిషి సొంత చెల్లెలి స్థలానికి గీసిన పటం మీదే రాయడం మరిచిపోయింది.

ఆ హద్దు చూసుకునే చిన్నమ్మమ్మ వంటిల్లు కట్టుకుంది. అమ్మమ్మ రిటైరయ్యాక పక్కింటాయన తన స్థలం కొలిపించాడు. కొత్త సర్వేయరు ఆ అంకెలను కొత్త లెక్కలో చదివి, వంటింటి గోడ పక్కింట్లోకి మూరెడు జరిగిందన్నాడు. గోడ కొట్టేయమని నోటీసు వచ్చింది.

“అక్కా, ఇంతకీ నా పొయ్యి ఎవరింట్లో ఉందే?” అంటూ చిన్నమ్మమ్మ వచ్చి కూర్చుంది.

“నీ ఇంట్లోనే. నోరు మూసుకుని ఈ కర్ర పట్టుకో.”

వీధి మలుపులో ప్రభుత్వం పాతిన రాయి ఉంది. రెండు లెక్కల్లోనూ దాని అంకెలు రికార్డులో ఉన్నాయి. అమ్మమ్మ దాని మీద యంత్రం నిలబెట్టి గోడ దాకా కొలిచింది.

“కర్ర నిటారుగా పట్టవే!”

“నేనే నిటారుగా లేను, కర్రెలా ఉంటుంది?”

పాత లెక్కలో గోడ సరిగ్గా హద్దు లోపలే ఉంది.

ఆఫీసులో అధికారి ఒకప్పుడు అమ్మమ్మ చేత చీవాట్లు తిన్నవాడే. కొలతలు చూసి ఒప్పుకున్నాడు. “కానీ మేడమ్, పటం మీద ఏ లెక్కో లేదు కదా. గీసినవాళ్లే తప్పు ఒప్పుకుని సవరణ రాసివ్వాలి. అది నోటీసు బోర్డుకి ఎక్కుతుంది. రూలు మీరు నేర్పిందే.”

అమ్మమ్మ మొహం మాడిపోయింది. “కుర్రాళ్లంతా చదువుతారు.”

“బోర్డు ముందు కుర్చీలు కూడా వేసుకున్నారు మేడమ్.”

అమ్మమ్మ పక్కనున్న చిన్నమ్మమ్మ వంక ఒకసారి చూసి, కలం తీసి, ‘ఏ లెక్కో రాయకపోవడం నా పొరపాటు’ అని రాసి సంతకం చేసింది.

గోడ నిలిచింది. చిన్నమ్మమ్మ దాని మీద ఒక కాగితం అంటించింది: ‘గోడ. పాత లెక్క.’

అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చదివి, కింద సంవత్సరం వేసింది.