నిచ్చెన మీది నాగయ్య

సికింద్రాబాద్‌లో గాజు కిటికీలు ఎన్నున్నాయో దేవుడికే తెలియాలి గానీ, తుడుస్తామంటూ నిచ్చెన భుజాన వేసుకుని తిరిగేవాళ్ళు మాత్రం అంతకంటే ఎక్కువే ఉన్నారని నాగూర్ బాషాకి పని మొదలుపెట్టిన కొన్నాళ్ళకే తెలిసిపోయింది.

తెల్లదొరలు మూటాముల్లె సర్దుకుని ఓడెక్కాక, బంగళాల్లో పనిచేసినవాళ్ళంతా వీధిన పడ్డారు. అందరికీ అద్దం మెరిపించడం వచ్చు. అందరికీ ఒకే ఆలోచన వచ్చి చచ్చింది. పోనీ ఊరి నిండా అద్దాలున్నాయా అంటే, మామూలు ఇళ్ళకి చెక్క రెక్కల కిటికీలే. ఉన్న కాసిని దుకాణాల ముందూ ఈగల్లా ముసిరేవారు. వాళ్ళలో దేవసహాయం అని ఒక మాజీ బట్లర్. తెల్లకోటు ఇస్త్రీ చేసుకుని, ఇంగ్లీషులో గుడ్‌మార్నింగ్ కొట్టి మరీ పని ఎగరేసుకుపోయేవాడు. నాగూర్ బాషా నమూనాగా ఒక అద్దం ఊరికే తుడిచి చూపిస్తే, ఆయన రెండు తుడిచి చూపించేవాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా!

మెట్టుగూడలో ఇంటికి వస్తే పెళ్ళాం చాంద్‌బీ పోరు.

"దసరా దాక చూస్త. పని కుదరకపోతే మల్కాజ్‌గిరి పోదాం. మా అన్న కట్టెల అడితిల మనిషి కావాలంటుండు."

ఆ అన్న ఇమాం వలి పేరెత్తితేనే నాగూర్ బాషాకి ఒళ్ళు మండేది. అక్కడికి పోతే కట్టెలు మోయడంతో అయిపోదు. రెండు పూటలా బావమరిది నీతులు కూడా మోయాలి.

అందుకే రెజిమెంటల్ బజార్‌లో భద్రయ్య బట్టల దుకాణం మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. రెండంతస్తులు, వీధి వైపంతా గాజు. అది చేతికొస్తే ఏడాది పొడుగునా పనే. భద్రయ్య ఏమో రేపు రా, మాపు రా అంటూ తిప్పుతున్నాడు. ఇంతలో యూనియన్ సైన్యం వస్తోందనీ, విమానాలు బాంబులేస్తాయనీ పుకారు లేచింది. దీపం వెలుగు బయటికి కనపడకూడదని జనం అద్దాలకి మసికాగితాలు అంటించడం మొదలుపెట్టారు.

"బాషా, ముందుగాల నా అద్దాలకి కాగితం అంటియ్యి. ఈ గడబిడ అయినంక తుడిచే పని నీదే. ఇంకెవ్వనికియ్య" అన్నాడు భద్రయ్య.

తుడుస్తానని బయల్దేరినవాడికి మసి పూసే పని! అయినా ఒప్పుకున్నాడు. ఒక్క కాగితం ఊడినా మాట పోతుందని, మైదా జిగురులో తుమ్మబంక దండిగా కలిపి మరీ అంటించాడు. అదే ఆయన చేసిన తెలివితక్కువ పని.

పోలీస్ యాక్షన్ వారం తిరక్కుండానే ముగిసింది. సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. బజారంతా తడిగుడ్డ పెట్టి లాగితే కాగితాలు అరటితొక్కల్లా ఊడొచ్చాయి. భద్రయ్య దుకాణం మీదివి మాత్రం ఊడలేదు. తడిపితే మసీ బంకా కలిసి నల్లసిరాలా గోడల మీదికి కారింది. గీకితే పై పొర వచ్చి కింది పొర పళ్ళికిలించింది.

"ఏందిది బాషా! బజారంత మెరుస్తుంటే నా దుకాణమొక్కటే చావిల్లు లెక్క కొడుతున్నది. అంటియ్యమన్న గని గిట్ల అతకమన్ననా?"

"జెర ఆగు సేట్, వస్తది."

"ఎప్పుడొస్తది? మళ్ళ లడాయి షురూ అయినంకనా?"

కింద నిలబడి దేవసహాయం, "ఏం భాయ్, సుత్తె తెమ్మంటవా?" అని పలకరించి పోయేవాడు. నాగూర్ బాషా తన చేతుల్ని, తుమ్మచెట్టుని, ఆ చెట్టుని పుట్టించిన పైవాడిని కూడా తిట్టుకుంటూ వేడినీళ్ళతో, మొద్దు కత్తితో గోళ్ళరిగేలా గీకాడు. చివరికి అద్దాలు నిగనిగలాడాయి. భద్రయ్య రోడ్డు దాటి, అవతల నుంచి చూసి, తలాడించాడు.

"పని మంచిగున్నది. పని నీదే." అని గొంతు తగ్గించాడు. "గని జిల్లాల నుంచి గిరాకీలు వస్తున్నరు. రజాకార్లతోని తక్లీఫ్ పడి వచ్చినోళ్ళు. తురకపేరు ఇంటే చాలు, బెదిరిపోతున్నరు. నాకు నీ సంగతి తెలుసు, వాళ్ళకేం తెలుసు? నిన్ను నాగయ్య అని పిలుస్త. ఎవలన్న అడిగితె నువ్వు సుత గట్లనే చెప్పు."

నాగూర్ బాషాకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రజాకార్లు చందా అడిగితే ఇవ్వలేక దాక్కుని తిరిగిన మనిషి ఆయన. వాళ్ళ పాపం తన పేరుకెందుకు అంటుకోవాలి? కానీ ఒకవైపు దసరా, ఇంకోవైపు బావమరిది. "సరే సేట్" అన్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

అప్పటి నుంచి నిచ్చెన ఎక్కితే నాగయ్య, దిగితే నాగయ్య. మొదట్లో పిలిస్తే పలికేవాడు కాదు. కొత్త గుమాస్తా జంగయ్య "చెవుడా ఏంది?" అని విసుక్కునేవాడు. తర్వాత అలవాటైంది. అలవాటైనందుకు మరీ ఒళ్ళు మండేది.

ఒకరోజు అన్నం గిన్నె ఇంట్లో మరిచిపోయాడు. మధ్యాహ్నం చాంద్‌బీ బురఖా వేసుకుని, గిన్నె పట్టుకుని దుకాణానికి వచ్చింది. లోపల గిరాకీలు కిటకిటలాడుతున్నారు.

"ఎవలు గావాలె?" అన్నాడు జంగయ్య.

మొగుడి పేరు నోట పలకడం చాంద్‌బీకి పెళ్ళయిన నాటి నుంచీ లేదు. "మా ఇంటాయన. అద్దాలు తుడుస్తడు" అంది.

జంగయ్య బురఖాని ఎగాదిగా చూశాడు. "నువ్వు నాగయ్య పెండ్లానివా?" అని గట్టిగానే అన్నాడు.

చీరలు చూస్తున్నవాళ్ళు తలలు తిప్పారు. గద్దె మీద భద్రయ్య చేతిలో గజంబద్ద ఆగిపోయింది. కిటికీ అవతల నిచ్చెన మీద నాగూర్ బాషా చేతిలో తడిగుడ్డ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. చాంద్‌బీ అద్దంలోంచి ఆయన ముఖం చూసింది. సంగతి అర్థమైంది. అవునని తలూపితే చాలు, పని నిలబడుతుంది. పని, పని అని ప్రాణం తీసింది కూడా తనే.

"నేను నాగూర్ బాషా పెండ్లాన్ని" అంది, దుకాణం చివరిదాకా వినపడేలా.

ఒక ముసలమ్మ తన గుడ్డల మూట దగ్గరికి లాక్కుంది. ఇంకొకామె "ఈ అంచు ఎర్రదున్నదా?" అని అడిగింది. నాగూర్ బాషా నిచ్చెన దిగి లోపలికి వచ్చాడు. భద్రయ్య గజంబద్ద పక్కన పెట్టి, ఏ పేరుతోనూ పిలవకుండా, "తిన్నంక పైన రెండు కిటికీలు మిగిలినయ్, చూడు" అన్నాడు.

వెనక మెట్ల మీద కూర్చున్నాక నాగూర్ బాషా విరుచుకుపడ్డాడు.

"బజార్ల మొగుని పేరెత్తుతవా? పని పోతే?"

"పోతే కట్టెలు మోద్దాం. నేను సుత మోస్త."

ఆయనకి కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ముద్ద కలిపాడు గానీ నోట పెట్టుకోలేదు.

"నా పేరు ఇంకోపారి అను" అన్నాడు విసుగ్గానే.

"సిగ్గుండాలె" అంది చాంద్‌బీ. "తినుండ్రి."